పక్షము ఎవరిది? గ్రామస్థుని అసంతృప్తి, నాయకుని బాధ్యత



పుష్యమాసములో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోయినవారెవ్వరును అక్కడి పశువుల సంతను చూడక మరలిరారు. రైతు కోడెను కొనబోవునప్పుడు ముందుగా నోరు తెఱచి పండ్లు లెక్కించును. పిమ్మట నడక చూచును, కాడి కట్టి చూచును. ఒక జాతరలో నేనట్లు నిలిచి చూచుచుండగా ఒక వృద్ధుడు నాతో నిట్లనెను: “ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూస్తాము గదప్పా! మా పార్టీ నోరు తెరిచి చూసేదెవరు? నలభైయేండ్లు జెండా మోస్తిని. టిక్కెట్టు ఎవరికిస్తారో నాకు పేపరు చూస్తే గాని తెలియదు.”

ఆయన విప్లవకారుడు కాడు. తాతల నాటి చేను, కులదైవము, ఇచ్చిన మాట, అప్పులేని సంసారము: ఇవి నిలువవలెనని కోరువాడు. ఇట్టివారిని ఆంగ్లేయులు కన్సర్వేటివులందురు. మనము నిలుకడవాదులందము. ఇట్టివారు పక్షముపై అలిగినను వెంటనే విడిచిపోరు. విడువలేరు, నిలువలేరు. వారి బాధకు కారణమేమి, దానికి మార్గమేమి అనునదే నేటి నా ప్రసంగవిషయము. ఏ పక్షమునకును వోటు వేయుడని గాని మానుడని గాని నేను చెప్పను. ఏ పక్షమునకైనను వర్తించు మాటలనే చెప్పెదను.

మొదట మన సీమలో ఈ నిలుకడబుద్ధి యెట్లు పుట్టెనో చూతము. 1800 సంవత్సరములో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి దత్తము చేసెను. ఆ తరువాత ఏడేండ్లు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా నుండి, రైతుతో నేరుగా పన్ను నిర్ణయించుకొను రైత్వారీ పద్ధతిని నెలకొల్పెను. కావున ఉత్తర సర్కారులలోవలె పెద్ద జమీందారులు ఇక్కడ విస్తరింపలేదు. పట్టా తనది, పన్ను తనది, కఱవు వచ్చిన బాధయు తనది. అట్టి చిన్న పట్టాదారునకు ఆస్తి యనగా విలాసము కాదు. వానలేని యేట తన్ను నిలబెట్టు గుంజ. ఆదోని తాలూకా అప్పుడు బళ్ళారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరెను. జిల్లా మాఱినను రైతు భావము మాఱలేదు.

ఈ భావమునకు దేశములో ఒక పక్షము లభించిన కథ వినదగినది. 1951లో ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి జరిగిన పోటీలో ఆచార్య ఎన్. జి. రంగాగారిపై నీలం సంజీవరెడ్డిగారు గెలిచిరి. రంగాగారు కాంగ్రెసును విడిచి కృషికార్ లోక్ పార్టీని స్థాపించి, 1955 ఎన్నికల నాటికి మరల కాంగ్రెసుతో కలిసిరి. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయమును లక్ష్యముగా తీర్మానించెను. సేవాసహకార సంఘములను, అనగా విత్తనము, అప్పు, అమ్మకము కొఱకు రైతులు తమంతట చేరు సంఘములను, రంగాగారు కాదనలేదు. గట్లు చెఱిపి భూములు కలుపుటనే కాదనిరి. అదే యేడు రాజగోపాలాచారిగారు ప్రేరకులుగా, రంగాగారు అధ్యక్షులుగా, మినూ మసానీగారు ప్రధానకార్యదర్శిగా స్వతంత్రపక్షము వెలసెను. రాజాజీగారికి అప్పటికి ఎనుబది యేండ్లు.

ఆ పక్షము 21 సూత్రములను ప్రకటించెను. వానిలో కడపటిది మనకు ముఖ్యము. ఆ సూత్రముల పరిధిలోనికి రాని విషయములందు ప్రతి సభ్యుడును తన మనస్సాక్షి ననుసరించి మాటాడవచ్చును, వోటు వేయవచ్చును అని దాని భావము. అన్నిటికిని అధిష్ఠానము వంక చూచు కాలములో ఇది క్రొత్తమాట. 1964లో వచ్చిన పదునేడవ రాజ్యాంగ సవరణము రైత్వారీ భూములను గూడ “ఎస్టేటు” అను మాటలో చేర్చెను. జమీందారీల రద్దు కొఱకు కల్పించిన మినహాయింపు చిన్న పట్టాదారుని గడప దాక వచ్చినదని స్వతంత్రులు ఘోషించిరి. పరిమితికి లోబడి స్వయముగా సాగుచేయు భూమిని తీసికొన్నచో బజారు వెల తగ్గకుండ పరిహార మీయవలెనను రక్షణ ఆ సవరణములోనే యున్నదనుటయు న్యాయము. ఏమైనను రైతు భయమునకు ఒక గొంతుక దొరకెను.

ఫలితములు చూడుడు. 1962లో ఆ పక్షమునకు లోక్‌సభలో 18 స్థానములు, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానములు వచ్చెను. 1967లో లోక్‌సభలో 44, మన శాసనసభలో 29. ఆ 44 స్థానములతో లోక్‌సభలో ప్రతిపక్షములలో నది పెద్దదయ్యెను. ఆ యేడు కర్నూలు లోక్‌సభ స్థానమునుండి స్వతంత్ర అభ్యర్థి వై. గాదిలింగన గౌడుగారు గెలిచిరి. రంగాగారు శ్రీకాకుళమునుండి గెలిచిరి. మఱి నాలుగేండ్లకు, 1971లో, ఆ 44 కాస్త 8 అయ్యెను. 1974లో ఆ పక్షము చరణ్‌సింగుగారు నాయకులుగా నేర్పడిన భారతీయ లోక్‌దళములో కలిసిపోయెను. పదునైదేండ్లకే దీపము కొండెక్కినది.

ఎందువలన? ఇందిరాగాంధిగారి ప్రభావము, బంగ్లాదేశ యుద్ధము అని కొందఱందురు. యుద్ధము 1971 డిసెంబరులో జరిగినది. ఎన్నికలు మార్చిలోనే ముగిసినవి. కావున ఆ కారణము చెల్లదు. ఇందిరాగాంధిగారి ప్రభావము నిజమే. కాని లోపలి కారణము వేఱొకటి కలదు. ఆ పక్షమునకు తలలు గొప్పవి, కాళ్ళు తక్కువ. ఆలోచన మద్రాసునందును బొంబాయియందును జరిగెడిది. వోట్లు కొన్నిచోట్ల పూర్వపు రాజుల పలుకుబడిచేత, కొన్నిచోట్ల రైతునాయకుల పేరుచేత వచ్చెడివి. ఒరిస్సాలో గణతంత్ర పరిషత్తు అట్లే మూకుమ్మడిగా వచ్చి చేరెను. బీహారులో రామగఢ రాజావారు తన అనుచరులతో చేరి, అట్లే విడిచిపోయిరి. రంగాగారు 1930 దశాబ్దములో నిడుబ్రోలులో రైతులకు రాజకీయవిద్య గఱపు విద్యాలయమును నడిపినవారు. అట్టి పని దేశమందలి గ్రామములలో జరిగియుండిన కథ వేఱుగా నుండెడిది. 1971లో పాత కాంగ్రెసు, జనసంఘము, సంయుక్త సోషలిస్టులతో కలిసి మహాకూటమి కట్టుట నాయకుల నిర్ణయము. ఓటమి తరువాత విడిపోవుట, రంగాగారు మరల కాంగ్రెసులోనికి పోవుట, కడకు విలీనమగుట, ఇవన్నియు నాయకుల నిర్ణయములే. 1967లో వోటు వేసిన పల్లెటూరి రైతును పిలిచి “నీ వేమందువు?” అని అడుగు ఏర్పాటు ఆ పక్షములో బలపడనే లేదు. సభ్యునకు మనస్సాక్షిస్వాతంత్ర్యము కాగితముపై నిచ్చిరి. ఆ మనస్సాక్షి పలుకుటకు గ్రామములో రచ్చబండ కట్టలేదు.

అంతకు పూర్వపు జస్టిసు పక్షము కథయు నిట్టిదే. 1916లో పుట్టి, 1920 ఎన్నికల తరువాత మద్రాసు రాజధానిలో మంత్రివర్గము నేర్పఱచెను. 1930లో చిత్తూరు జిల్లావారైన బి. మునుస్వామినాయుడుగారు ముఖ్యమంత్రి యైరి. ఆయన జమీందారు కారు. జమీందారులు అసమ్మతి లేవదీయగా 1932లో ఆయన దిగిపోయి బొబ్బిలి రాజావారు వచ్చిరి. పిఠాపురము రాజావారు వేఱుకుంపటి పెట్టి ప్రజాపక్షమనిరి. ఈ పెద్దల కలహము నడుమ క్రింది కార్యకర్త యేమయ్యెనో యడిగినవారు లేరు. 1937 ఎన్నికలలో ఆ పక్షము కూలి, 1944లో సేలము మహాసభలో పేరు సయితము మాఱిపోయెను.

ఈ రెంటికిని ఎదురుగా కాంగ్రెసును నిలిపి చూడుడు. 1920లో నాగపూరునందే గాంధీగారు దానికి క్రొత్త నిబంధనావళి నిచ్చిరి. నాలుగణాలు చెల్లించినవాడు సభ్యుడు. గ్రామము, తాలూకా, జిల్లా, రాష్ట్రము అని మెట్లు. ఒక్కొక్క మెట్టునకు ఎన్నిక. నాలుగణాలు చిన్న సొమ్మే. కాని అది యిచ్చినవాడు “ఇది నాది” అనగలిగెను. ఆ మెట్లే ఆ సంస్థను పల్లెకు దెచ్చినవి. అయితే మెట్లు కట్టుట వేఱు, ఊడ్చి యుంచుకొనుట వేఱు. అదే కాంగ్రెసు 1972 తరువాత ఇరువది యేండ్లు సంస్థాగతమైన ఎన్నికలు జరుపక, 1992లో తిరుపతి మహాసభ నాటికి గాని మరల జరుపలేదు. కాబట్టి ఈ రోగము నిలుకడవాదులకే యని కాదు; ఏ యింటనైనను ప్రవేశింపగలదు.

ఇంగ్లండు దేశపు కన్సర్వేటివు పక్షములో ఈ బాధ కేమి మందు వేసిరో చెప్పెదను. 1922లో ఆ పక్షము లాయిడ్ జార్జిగారితో కలిసి ప్రభుత్వము నడుపుచుండెను. నాయకుడైన ఆస్టెన్ చేంబర్లెనుగారు ఆ పొత్తు సాగవలెననిరి. ఊరూరి శాఖలలోను సామాన్య సభ్యులలోను అసంతృప్తి పెరిగెను. అక్టోబరు 19వ తేదీన కార్ల్‌టన్ క్లబ్బులో పార్లమెంటు సభ్యులు కూడి, వోటు వేసి, నాయకుని మాట త్రోసివేసిరి. ఆ దినముననే లాయిడ్ జార్జిగారు రాజీనామా యిచ్చిరి. అంత జరిగియు నాయకుని ఎన్నుకొనుటకు విధి యేర్పడుటకు 1965 దాక పట్టెను. సామాన్య సభ్యునకు కడపటి వోటు 1998లో గాని రాలేదు. ఆ సభ్యులే 2022లో ఎన్నుకొన్న లిజ్ ట్రస్‌గారు ప్రధానిపదవిలో ఏబది దినములైనను నిలువలేదు. క్రిందివారు ఎన్నుకొన్నంతమాత్రమున తెలివి పుట్టదని దీనివలన తెలియుచున్నది. కాని తప్పును త్వరగా దిద్దుకొను మార్గము గూడ ఆ విధులలోనే యున్నదని తెలియుచున్నది. మన పక్షములలో తప్పు జరుగుట సులభము. దిద్దుకొను వాకిలి కనబడదు.

నేడు మనదేశములో ఆ వాకిలి ఏల మూసికొన్నది? మూడు గడియలు చెప్పెదను. మొదటిది, 1985లో ఏబదిరెండవ సవరణముతో వచ్చిన ఫిరాయింపుల నిషేధము. పదవికై పక్షములు మార్చువారిని ఆపుటకు పుట్టిన చట్టమే; మంచి ఉద్దేశమే. కాని శాసనసభ్యుడు పక్షపు ఆజ్ఞకు విరుద్ధముగా వోటు వేసినను స్థానము పోవచ్చును గనుక, ఆజ్ఞ యిచ్చువాని బలము పెరిగినది, వోటు వేసినవారి మొగము చూచు అవసరము తగ్గినది. రెండవది, టిక్కెట్టు. అది పైనుండి వచ్చును. మూడవది, ధనము. 2018 నుండి నడచిన ఎన్నికల బాండ్ల పద్ధతిలో ఎవరు ఏ పక్షమున కెంత యిచ్చిరో సామాన్యునకు తెలియకుండెను. 2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీంకోర్టు ఆ పద్ధతిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. 1989 నుండి పక్షములు ఎన్నికల సంఘమువద్ద నమోదు కావలెను. తమ నిబంధనావళిని చూపవలెను. 2022లో మన రాష్ట్రపు ఒక పక్షమునకు శాశ్వతాధ్యక్షుడు ఏర్పడెనన్న వార్త రాగా, అట్టి శాశ్వతపదవి ప్రజాస్వామ్యమునకు విరుద్ధమని ఎన్నికల సంఘము చెప్పవలసి వచ్చెను. నిబంధనలు లేవని కాదు. వానిని చదివి అడుగువారు లేరు.

మనకు తెలిసిన రెండు విషయములతో ఉపాయము చెప్పెదను. పూర్వము సంతలలో తువాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరమాడెడివారు. సరకు రైతుది; ధర మాత్రము గుడ్డచాటున ఇద్దఱు దళారులకే తెలియును. 1933లో మద్రాసు రాజధానిలో వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము వచ్చెను. గుడ్డ తీసివేసి, ధర బహిరంగముగా పలుకవలెను, తూకము సరిగా నుండవలెను, రైతునకు మార్కెటు కమిటీలో చోటుండవలెను అను క్రమము అటువంటి చట్టములచేతనే వచ్చినది. ఆదోని యార్డులో పత్తి అమ్మిన రైతునకు దీని విలువ వేఱుగ చెప్పనక్కఱ లేదు. పక్షపు టిక్కెట్టు నేటికిని తువాలు క్రిందనే యున్నది.

రెండవది ఎమ్మిగనూరులోనిదే. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేతపనివారల సహకార సంఘమును స్థాపించిరి. 1954లో ఆయనకు పద్మశ్రీ లభించెను. సహకార సంఘపు ధర్మ మేమి? వాటాలు ఎన్ని యున్నను సభ్యున కొకటే వోటు. సభ్యుల పట్టీ యుండును. ఏటేట సర్వసభ్యసభ కూడవలెను, లెక్కలు తనిఖీ కావలెను, పాలకవర్గమును సభ్యులే ఎన్నుకొనవలెను. మగ్గము మీద బ్రతుకు సాలెవాడు తన సంఘమును ఇట్లు నడుపుకొనగలడని చట్టము నమ్మినప్పుడు, నలభైయేండ్లు జెండా మోసిన రైతు తన పక్షమును నడుపుకొనలేడా?

కావున నా సూచనలివి. మొదటిది, ప్రతి గ్రామములో సభ్యుల పట్టీ వ్రాసి చావడి గోడకు అంటింపవలెను. చందా తక్కువగా నుండవచ్చును గాని ఎవరిది వారే చెల్లింపవలెను. ఒకడు నూరుగురి చందా కట్టినచో నూరు వోట్లును వానివే యగును. రెండవది, గ్రామము, మండలము, జిల్లా పదవులకు రహస్యపు వోటుతో ఎన్నిక జరుగవలెను. దానిని వేఱు జిల్లానుండి వచ్చినవారు జరుపవలెను. వరుసగా రెండు తడవలకు మించి ఒకే పదవిలో ఎవరును ఉండరాదు. మూడవది, అభ్యర్థిని నియోజకవర్గములోని గ్రామశాఖల ప్రతినిధులు కూడి ఎన్నుకొనవలెను. పైవారు కాదనదలచినచో కారణము వ్రాసి చదివి వినిపింపవలెను. నాలుగవది, ఎవరిచ్చినది ఎంత, ఖర్చైనది ఎంత అను లెక్క ఏటేట సభలో చదువవలెను. అయిదవది, గ్రామశాఖ పంపిన తీర్మానమునకు మూడు నెలలలో వ్రాతమూలకముగా బదులు రావలెను. ఒప్పుకొనుట వారి యిష్టము. బదులీయుట వారి ధర్మము. ఆఱవది స్వతంత్రపక్షము మనకు వదలిన మంచి పాఠము. మూలసూత్రములు కొద్దిగా, స్పష్టముగా నుండవలెను. తక్కినవానిలో సభ్యునకు నోరుండవలెను.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. “పది తలలైన ఇల్లు నిలుచునా? నాయకుని మాట వినని పక్షము చీలిపోదా?” అందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. నిలుకడ కోరువారికి పెద్దఱికముపై గౌరవ ముండుట సహజము, మంచిది. కాని చరిత్ర చెప్పు సాక్ష్యము చూడుడు. జస్టిసు పక్షమును చీల్చినది పల్లెటూరివాని నోరు కాదు, పెద్దల పంతము. స్వతంత్రపక్షమును ముంచినది సభ్యుల తిరుగుబాటు కాదు, సభ్యుల లేమి. మన యిండ్లలో గూడ పెద్దవాడు అందఱిని అడిగి చేసిన పెండ్లికి అందఱును పనిచేయుదురు. అడుగక చేసిన పెండ్లికి చుట్టములవలె వచ్చి భోజనము చేసి పోవుదురు. పక్షములో నేడు కార్యకర్త చుట్టమైనాడు.

తప్పంతయు పైవారిదే యని చెప్పి ముగించిన మీకు సంతోషమగును గాని సత్యము కాదు. నాయకుడు ఊరికి వచ్చినప్పుడు మన మేమి అడుగుచున్నాము? “నా మనుమనికి ఉద్యోగము, నా చేనికి బోరు” అని ఒక్కొక్కరము చెవిలో చెప్పుచున్నాము. చెవిలో చెప్పినదానికి చెవిలోనే బదులు వచ్చును. అదియును గుడ్డచాటు బేరమే. పదిమంది కూడి, తీర్మానము వ్రాసి, చేవ్రాళ్ళు చేసి, సభలో చదివి యిచ్చిన అర్జీకి ఉండు బలము దానికుండదు. నోరు తెఱచి పండ్లు చూడవలెననినచో ముందుగా మన చేయి తువాలు క్రిందినుండి తీయవలెను.

రాష్ట్రమంతయు మాఱువఱకు కాచుకొననక్కఱ లేదు. కర్నూలు జిల్లా 2022లో రెండయినను ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలులోనే కలిసి యున్నవి. ఈ రెండు చోట్ల పదేసి గ్రామములలో ఏ పక్షమువారైనను ఒక పట్టీ, ఒక తీర్మానముల పుస్తకము, ఏటికొక సభ ఏర్పఱచుకొనుడు. పక్షపు నిబంధనావళి ప్రతి యొకటి తెప్పించి, చదువు వచ్చిన పిల్లవానిచేత సభలో చదివింపుడు. అందులో గ్రామశాఖకు ఏయే అధికారములు వ్రాసియున్నవో విన్న తరువాత, సగము సంస్కరణ అడుగుటయే యని మీకే తోచును.

ఆ వృద్ధుడు ఆ దినము కోడెల జత కొనకనే తిరిగిపోయెను. ఒకదాని పండ్లు ఆయనకు నచ్చలేదు. అమ్మకందారు కోపపడలేదు, మఱుసటి జాతరకు మంచి జత తెత్తునని చెప్పెను. బేరము తెలిసినవాడు కాదనినచో అమ్మువాడు సరకు మేలుచేసికొనును. వోటరును, కార్యకర్తయు ఆపాటి బేరము నేర్చుకొందురు గాక.